నశించుటయే గచ్చు ధర్మము

పాత సమాధి శిలలను మరల నిలువబెట్టు విద్యలో మొదటి పాఠము విపరీతముగా తోచును: రాళ్ళ నడుమ నుంచు గచ్చు, రాతికంటె బలహీనమైనదై యుండవలెను. బందరు, భీమిలి, గోల్కొండలు మొదలుకొని ఇంగ్లండులోని డోర్కింగు వరకు, మనకు సంబంధించిన గోరీలన్నింటికి వర్తించు ఆ సూత్రమును గూర్చి ఈ వారపు ముఖచిత్ర కథనము.

క్రీస్తుశకము 1605లో మచిలీబందరు రేవున దిగి, మరుసటి యేట గోల్కొండ సుల్తానువలన వర్తకాధికారమును పొంది, మన నేతబట్టలను అద్దకపు వస్త్రములను ఓడల కెత్తి దేశాంతరములకు పంపిన డచ్చి వర్తకులు, తాము కూడబెట్టిన ధనమును తమతో గొనిపోయినను, తాము కట్టిన గిడ్డంగులు కాలగర్భమున గలిసినను, తమలో మరణించిన వారిని మాత్రము ఈ నేలయందే విడిచి పోయిరి. బందరులోను, 1825లో వారు ఆంగ్లేయులకు అప్పగించిన భీమునిపట్టణములోను, మన సరిహద్దునకు దక్షిణముగా అరవనాటి పులికాటులోను, వారి శ్మశానవాటికలు నేటికిని కలవు.

ఈ వాటికలలోని కట్టడములు ఒక్క తీరువి కావు. బందరులో ఇటుక అరుగులపై పరచిన పెద్ద రాతిపలకలు ముఖ్యములు. వానిపై వంశచిహ్నములును, శిరస్త్రాణములును, లతలును, మృతుల గుణగణములను వర్ణించు శాసనాక్షరములును రాతినుండి పైకుబికినట్లు చెక్కబడి యున్నవి. భీమిలిలో సముద్రపు గాలి నేరుగా సోకు చోట, ఇటుకతోను సున్నముతోను కట్టి పైకి కోసుదేర్చిన స్తంభాకారపు గోరీలు కనబడును. పులికాటు శ్మశానద్వారమున కిరుప్రక్కల అస్థిపంజరముల శిల్పములు నిలిచి, లోనికి వచ్చువానికి జీవితపు పర్యవసానమును ముందుగనే తెలుపుచుండును.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది ప్రాణములను బలిగొన్నది. ఊరికి ఊరే తుడిచిపెట్టుకొని పోయినను, ఆ రాతిపలకలు పోలేదు. తుపానులకును, ఉప్పుగాలికిని, నాలుగువందల యేండ్ల యెండలకును ఓర్చుకొన్న ఇట్టి కట్టడములు దేనికి ఓర్చుకొనలేకున్నవని విచారించినచో, వచ్చు సమాధానము ఆశ్చర్యము గొలుపును. వానికి హాని చేయువారిలో అజ్ఞాతుడగు దొంగకంటె, పశువులను తోలుకొని వచ్చు బాలునికంటె, సదుద్దేశముతో సిమెంటు బస్తాను మోసికొని వచ్చు ఉపకారి ముందు వరుసలో నున్నాడు. పగిలిన పలకను అతికి, ఒరిగిన శిలను చక్కజేసి, సందులన్నింటిని బిగువుగా పూడ్చి, తన పని నూరేండ్లు నిలుచునని తృప్తి పడి అతడు వెళ్ళిపోవును. అతని పని నిలుచుట నిజమే. దానిని అంటియున్న ఇటుకయు, శిలయు మాత్రము నిలువవు.

గోడలోగాని గోరీలోగాని రెండు వస్తువులు కలిసి యుండునపుడు, ఎండకు వ్యాకోచించుట, చలికి సంకోచించుట, వాననీటిని పీల్చుట, పీల్చినదానిని విడుచుట అను వ్యాపారములు నిరంతరము సాగుచుండును. ఆ ఒత్తిడికి ఏదో యొకటి లొంగక తప్పదు. ఏది లొంగవలెనను నిర్ణయము కట్టువాని చేతిలో నున్నది. గచ్చు మెత్తనిదైనచో గచ్చు లొంగి, చీలి, రాలును. దానిని గీకివేసి క్రొత్తది పెట్టవచ్చును. గచ్చు రాతికంటె గట్టిదైనచో రాయి పగులును. అక్షరములు చెక్కిన రాతిని మరల తెచ్చి పెట్టుట ఎవరి తరమును గాదు. ఇంటిలోని విద్యుత్తు ఫ్యూజు తీగ తాను కరిగి యంత్రమును గాచినట్లు, గచ్చు తాను నశించి శిలను గాచుటకే యేర్పడినది. ఈ కథనములో చెప్పబోవు తక్కిన విషయములన్నియు ఈ యొక్క మాటకు వ్యాఖ్యానములే.

బట్టీలో కాలి, గాలిలో శిలయై

సున్నపురాతిని గాని, సముద్రపు గుల్లలను గాని బట్టీలో పేర్చి సుమారు 900 సెంటీగ్రేడు డిగ్రీల వేడిమిలో కాల్చినచో, అందలి బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, తేలికయైన తెల్లని కాల్చిన సున్నము మిగులును. దానిపై నీరు పోసిన క్షణముననే బుసబుసమని పొంగి, ఆవిరులు గ్రక్కి, తుదకు చల్లారి వెన్నవంటి ముద్దయగును. ఆ ముద్దను ఇసుకతో కలిపి రాళ్ళ నడుమ నుంచినపుడు, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా మరల గ్రహించి, బట్టీలో పోగొట్టుకొన్నదానిని తిరిగి పొంది, మరల సున్నపురాయియే యగును. పలుచని పొరలలో ఈ మార్పునకు వారములు, నెలలు పట్టును. దళసరి గోడల లోపల సంవత్సరములు పట్టుటయు కలదు. సున్నపు గచ్చు గట్టిపడుటకు ఆలస్యమగుటకు కారణ మిదియే; ఆ యాలస్యమే దాని సుగుణమునకు మూలము. కట్టడము క్రుంగి కుదురుకొనుచున్నంత కాలము గచ్చును దానితో కూడ కొంత సర్దుకొనును. సన్నని చీలిక లేర్పడినను, వాననీటిలో కరిగిన సున్నము ఆ చీలికలోనికి ప్రవహించి అచ్చట గడ్డకట్టి తనంత తానే పూడ్చుకొనుటయు కద్దు.

సిమెంటు ప్రకృతి వేరు. 1824లో ఇంగ్లండులోని లీడ్సు నగరపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లండు సిమెంటునకు పేటెంటు పొందెను. 1914లో పోర్బందరు కర్మాగారమున ఉత్పత్తి ప్రారంభమైన పిమ్మట అది మన దేశమునను క్రమముగా వ్యాపించి, వంతెనలకు, ఆనకట్టలకు, మేడలకు అనివార్యమైనది. దానిని నిందించుట అవివేకము. అది నీటితో కలిసిన కొలది గంటలలో బిగియును, సున్నపు గచ్చుకంటె అనేక రెట్ల బలమును పొందును, నీటిని తనగుండ పోనీయదు. క్రొత్త కట్టడమునకు ఇవియన్నియు సద్గుణములే. పాత యిటుక గోరీకి ఇవియే దోషములగును.

ఏలయనగా, పాత కట్టడములకు పునాదులలో తేమను నిరోధించు పొరలు లేవు. నేలలోని తడి ఇటుకలగుండ పైకెక్కును, వాననీరు పైనుండి దిగును. ఈ రెండును సున్నపు సందులగుండ, సున్నపు పూతగుండ ఆవిరియై వెలికి పోవును. ఆ సందులను సిమెంటుతో మూసినయెడల, తడి పోవుటకు ఇటుకయో రాయియో తప్ప వేరొక మార్గము మిగులదు. తీరప్రాంతపు తడిలో ఉప్పు కరిగి యుండును. నీరు ఆవిరియైన చోట ఆ యుప్పు స్ఫటికములుగా గడ్డకట్టి, రాతి రంధ్రముల గోడలను లోపలినుండి త్రోయును. మొదట తెల్లని పూత కనబడును, పిదప పొడి రాలును, అటుపిమ్మట పెచ్చులు లేచును. సిమెంటు తానే కొన్ని లవణములను మోసికొని వచ్చుట దీనికి తోడు. కొంతకాలమునకు చూడగా, ఇటుకలన్నియు లోనికి తినివేయబడి, వాని చుట్టునున్న సిమెంటు సందులు మాత్రము వల కట్టినట్లు ముందుకు పొడుచుకొని యుండును. గట్టి నల్లరాయి ఇంత సులభముగా పొడికాదు గాని, దాని క్రింది ఇటుక అరుగు శిథిలమైన పిదప, ఆధారము తప్పిన పలక తన బరువునకు తానే నడుమ విరుగును.

గానుగ చుట్టు

మన తాపీమేస్త్రీల పూర్వులకు ఈ రసాయనశాస్త్ర మంతయు తెలియకున్నను, దాని ఫలితములన్నియు తెలియును. తెలంగాణమున డంగుసున్నమనియు, కోస్తాలో గానుగసున్నమనియు వ్యవహరింపబడు గచ్చు ఆ యనుభవమునకు సాక్ష్యము. నేలలో వలయాకారముగా రాతి తొట్టిని పరచి, అందు సున్నమును, ఇసుకను, ఇటుకపొడిని పోసి, ఎద్దులచేత రాతిచక్రమును త్రిప్పించి, నీరు చిలుకరించుచు గంటలకొలది నూరుదురు. ఈ నూరుటవలన ప్రతి యిసుకరేణువునకు సున్నపు పొర అంటుకొనును. గచ్చుకు జిగి కలుగును. నీరు తక్కువైనను పని సాగును. నీరు తక్కువైనకొలది ఎండునపుడు చీలికలును తక్కువగును. నేడు ఎద్దుల స్థానమున మోటారు చేరినను, నూరక కేవలము పారతో కలిపిన సున్నమునకు ఆ గుణము రాదు.

ఇటుకపొడికి ప్రత్యేక ప్రయోజనము కలదు. తక్కువ వేడిమిలో కాల్చిన ఇటుకను మెత్తగా దంచి కలిపినపుడు, ఆ పొడి సున్నముతో సంయోగము చెంది, గాలి సోకని చోటను, తడిలోను గట్టిపడు శక్తిని గచ్చునకు ఇచ్చును. దీనినే పనివారు సుర్కీ యందురు. బంకమట్టి పాలు సహజముగా కలిసిన సున్నపు కంకరను కాల్చినను ఇట్టి శక్తి కొంత లభించును. పాశ్చాత్యదేశములలో ఇట్టి సున్నమును 2, 3.5, 5 అను తరగతులుగా విభజించి అమ్ముదురు. ఆ అంకెలు ఇరువదియెనిమిది దినములకు అది పొందవలసిన కనీసపు బలమును తెలుపును. పెద్ద అంకె గలది మేలైనదని భ్రమపడి కొనువారు అచ్చటను కలరు. మెత్తని రాతికి చిన్న అంకెయే తగినది.

బెల్లమును, కరక్కాయ కషాయమును కలుపు ఆచారమును మూఢవిశ్వాసమని కొట్టివేయరాదు. తీపిపదార్థము సున్నమును నీటిలో అధికముగా కరిగించును, గచ్చు తొందరపడి బిగియకుండ ఆపును; కరక్కాయలోని వగరు పదార్థము దానిని చిక్కబరచును. గోడలకు అద్దమువంటి నునుపు తెచ్చు కడపటి పూతలో గ్రుడ్డు తెల్లసొనను కలుపుటయు వాడుకలో నుండెను. మద్రాసు సున్నమని పేరొందిన పూత, గుల్లసున్నముతో చేయబడి, చలువరాతిని మరపించునట్లు మెరసెడిది. ఐనను, ఇవి యన్నియు హితమితముగా నున్నపుడే మేలు చేయును. బెల్లము హెచ్చినయెడల గచ్చు బిగియదు, చీమలు మాత్రము చేరును.

ఇసుకను గూర్చి తీరవాసులకు ఒక హెచ్చరిక అవసరము. చేతికందునంత దూరమున సముద్రపు టిసుక రాసులుగా పడియున్నను, దానిని గచ్చులో కలుపుట శత్రువును ఇంటిలోనికి పిలుచుటయే. కడిగిన నదీ ఇసుకయే తగినది. రేణువులు గుండ్రనివి కాక కోణములు దేరినవై, చిన్నవి పెద్దవి కలిసియుండవలెను. అట్టి యిసుకలో రేణువుల నడుమనున్న ఖాళీ సుమారు మూడవవంతు. ఆ ఖాళీని నింపుటకు సున్నము కావలెను గనుకనే, ఒకపాలు సున్నమునకు రెండున్నర మొదలు మూడుపాళ్ళ ఇసుక యను లెక్క లోకమంతట ఏర్పడినది. నీరును మంచినీరే కావలెను. తీరపు బావుల ఉప్పునీరు పనికిరాదు.

పలుగు పట్టుటకు ముందు

ఒరిగిన రాతిని చూచిన వెంటనే చక్కజేయవలెనని చేతులు ఉవ్విళ్ళూరును. వివేకి అపుడు పలుగును ప్రక్కనబెట్టి, కాగితమును కలమును చేతబట్టును. రాతి కొలతలు, ఒరిగిన దిక్కు, పగుళ్ళు, అక్షరములు, చుట్టునున్న ముక్కల స్థానములు, అన్నియు చిత్రించి, ఛాయాచిత్రములు తీసి, ముక్కలకు అంకెలు వేసిన పిదపనే పని ప్రారంభింపవలెను. ఈ విషయమున మనకు పూర్వులు చూపిన దారి యున్నది. పురావస్తు శాఖాధికారి అలెగ్జాండర్ రే, మద్రాసు రాజధానిలోని డచ్చి కంపెనీ కట్టడములను పరిశీలించి చిత్రపటములతో 1897లో గ్రంథము వెలువరించెను. జూలియన్ జేమ్స్ కాటన్, ఆ రాజధానిలోని సమాధి శాసనములను సేకరించి 1905లో పట్టిక ప్రకటించెను. నేడు సగము చెరిగిన అక్షరములను పూరించి చదువుటకు ఆ గ్రంథములే ఆధారములు. రాతిపై పోయిన అక్షరమును క్రొత్తగా చెక్కుట తగదు. గ్రంథమున భద్రపరచుట చాలును.

అనుమతి రెండవది. 1958 నాటి పురాతన కట్టడముల చట్టము క్రింద రక్షితములైన గోరీలపై పురావస్తు శాఖవారు తప్ప అన్యులు చేయివేయరాదు. రక్షణ లేని వాటికలలోను చర్చి సంఘమో, వక్ఫువారో, పురపాలక సంఘమో, మృతుని వంశీయులో అధికారము కలిగి యుందురు. పురావస్తు శాఖకు అధిపతిగా నుండిన సర్ జాన్ మార్షల్ 1923లో ప్రకటించిన పరిరక్షణ నియమావళియు, 1964 నాటి అంతర్జాతీయ వెనిస్ శాసనపత్రమును, వేర్వేరు కాలములలో వేర్వేరు భాషలలో వ్రాయబడినను, ఒక విషయమున ఏకీభవించును: ఉన్నదానిని కాపాడుటయే మన పని, ఊహపై ఆధారపడి క్రొత్తదానిని కల్పించుట మన పని గాదు.

రాతిని నిలుపు క్రమము

ఒక పలక రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, పదునైదు సెంటీమీటర్ల మందము కలదై యుండెననుకొందము. నల్లరాయి ఘనమీటరు సుమారు 2,700 కిలోలు తూగును గనుక, ఆ పలక బరువు 800 కిలోలకు పైబడును. నలుగురు యువకుల యుత్సాహము దానిని ఎత్తుటకు చాలదు; కాళ్ళు నలుగుటకు మాత్రము చాలును. మూడు దుంగలను పైన బిగించి కట్టి, గొలుసుకప్పీని వ్రేలాడదీసి, రాతి అంచులకు గోనెపట్టాలు చుట్టి, గొలుసునకు బదులు వెడల్పైన పట్టీలతో అంగుళమంగుళముగా ఎత్తుదురు. పలకను ఎత్తకముందే దాని పగుళ్ళను పరీక్షించి, బలహీనమైన పలక క్రింద కొయ్య చట్రమును చేర్చుట మంచిది.

పలక లేచిన పిమ్మట అసలు రోగము కనబడును. అరుగులోని ఇటుకలు పొడియై యుండవచ్చును. పందికొక్కులు త్రవ్విన బొరియలు ఉండవచ్చును. రావిచెట్టు వేరు లోపల గూడు కట్టుకొని యుండవచ్చును. రావిమొక్కను పట్టి లాగుట మనవారికి అలవాటు; లాగిన వేరుతో పాటు నాలుగు వరుసల ఇటుకలు ఊడివచ్చును. మొక్కను మొదటికంట కోసి, వేరును చంపి, అది చచ్చి క్రుంగిన తరువాతనే మెల్లగా తొలగించి, ఆ ఖాళీని పలుచని సున్నపు గచ్చుతో నింపవలెను. శిథిలమైన ఇటుకలను తీసి, అదే కొలతలో, అదే మెత్తదనము గల ఇటుకలను నానబెట్టి పెట్టి, దానిపై సున్నపు గచ్చు పరపు వేసి, రసమట్టముతో సరిచూచి, పలకను దింపుదురు. బరువునకు గచ్చు పూర్తిగా పిండబడి పోకుండ, నాలుగు మూలల సీసపు ముక్కలను ఉంచుట పాత పద్ధతి; సీసము మెత్తనిది గనుక రాతిని నొప్పింపదు.

నిలువురాయి విధము వేరు. పూర్వము నిలువుపలకలను పీఠము లేకయే, కొంతభాగము నేలలో పాతి నిలిపిరి. పల్నాటిలోను రాయలసీమలోను కనబడు మన వీరగల్లులును అట్లే గచ్చు లేక నేలబలముతోనే నిలిచినవి. అట్టి రాయి ఒరిగినపుడు గోతిలో కాంక్రీటు పోయుట పెద్ద పొరపాటు. కాంక్రీటు తడిని రాతి మొదటిలో నిలువబెట్టును. గాలి దెబ్బకో, త్రోపునకో రాయి కదలవలసి వచ్చినపుడు కదలనీయక, నేలమట్టమునకు సరిగా విరుగగొట్టును. గోతిని లోతుచేసి, అడుగున గులకరాళ్ళు పరచి, తూకపుగుండుతో నిలువు చూచి, చుట్టును గులకను ఇసుకను పొరపొరగా పోసి కూరినచో, నీరు ఇంకిపోవును. మరల ఎప్పుడైన ఒరిగినను, మరల సరిచేయుట సులభము.

విరిగిన శిలను అతుకుటలో పూర్వులు ఇనుప బందెలను వాడిరి. వారి పనిలో ఇదియే మిక్కిలి హానికరమైనది. ఇనుము తుప్పుపట్టునపుడు దాని పరిమాణము రెండు మొదలు ఆరు రెట్ల వరకు పెరుగును. రాతిలో బిగించిన ఇనుపకమ్మి ఇట్లు ఉబ్బి, లోపలినుండి రాతిని చీల్చును. అట్టి కమ్మిని ఓపికతో తొలిచి తీసి, తుప్పుపట్టని ఉక్కును గాని కంచును గాని వాడుదురు. అతుకు పనిలో రాతిజిగురులను వాడవలసి వచ్చినచో, లోపల చుక్కలుగా మాత్రమే వాడి, అంచుల వెంబడి రాతిపొడి కలిపిన సున్నముతో పూడ్చుట యుక్తము.

ఇక సందులు. పాత సందును వెడల్పునకు రెండింతల లోతున చేతి యులితోనే గీకవలెను. యంత్రపు రంపము రాతి అంచును తినివేయును. దుమ్మును దులిపి, సందును తడిపి, గచ్చును ఒక్కసారిగా కుక్కక, రెండు సెంటీమీటర్లకు మించని పొరలుగా నొక్కుచు నింపవలెను. అటుపై నీడయు తడియు కావలెను. మన యెండలో సున్నపు గచ్చు ఒక్క మధ్యాహ్నమున ఎండి పొడియగును. ఎండుట వేరు, గట్టిపడుట వేరు. తడిపిన గోనెపట్టాలను కప్పి, కనీసము వారము పదిదినములు పూటపూటకు నీరు చల్లినచో, గచ్చు తన పనిని తాను చేసికొనును. మంచు కురియు దేశములలో గచ్చు ఆరకముందే నీరు గడ్డకట్టి ఉబ్బును గనుక చలికాలమున పనిని మానుదురు. మనకు నడివేసవియు, ముసురుకాలమును మానవలసినవి.

గోల్కొండ గుమ్మటముల క్రింద

ఈ విద్య మరల మన మధ్య సజీవముగా నున్నదనుటకు హైదరాబాదు నిదర్శనము. గోల్కొండకోట సమీపమున కుతుబ్‌షాహీల సమాధి ప్రాంగణము వంద ఎకరములకు పైబడినది. 1543లో హతుడైన సుల్తాన్ కులీ మొదలు, 1672లో మరణించిన అబ్దుల్లా కుతుబ్‌షా వరకు ఆ వంశమువారు అచ్చట విశ్రమించి యున్నారు. 1687లో రాజ్యము గోల్పోయిన కడపటి సుల్తాను అబుల్ హసన్ తానాషా మాత్రము దూరమున ఖుల్దాబాదులో సమాధియయ్యెను. మెట్లు మెట్లుగా మలచి నునుపుదేర్చిన నల్లరాతి గోరీలపై అరబ్బీ శాసనములు చెక్కబడి యున్నవి. వానిపై కప్పిన గుమ్మటములు రాతితో కట్టి సున్నపు పూతతో అలంకరించినవి.

పందొమ్మిదవ శతాబ్దిలో హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగు వీనిని బాగుచేయించెను. తరువాతి కాలపు మరమ్మతులలో సిమెంటు ప్రవేశించెను. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వపు వారసత్వ శాఖతో కలిసి చేపట్టి, 2024లో ముగించిన పునరుద్ధరణమున, సిమెంటు పొరలను తొలగించి సున్నమును మరల ప్రతిష్ఠించుట ముఖ్యమైన పని. ఆ ప్రాంగణములోని పెద్ద బావి గోడ 2013లో వానలకు కూలగా, దానిని పాత పద్ధతిలోనే తిరిగి కట్టిరి. అచ్చటి మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారములలో విశిష్ట పురస్కారము లభించినది. దశాబ్దకాలము సాగిన ఆ పనివలన కలిగిన లాభములలో గుమ్మటముల తెల్లదనము కన్నులకు కనబడునది. సున్నము నూరుట, పూయుట, చెక్కుట నేర్చిన పనివారు అంతకంటె విలువగల లాభము.

సమాధుల పండుగనాడు

పురావస్తు శాఖ రక్షణలో నున్న గోరీలు మన నేలపైనున్న గోరీలలో లేశమాత్రము. తక్కినవాని క్షేమము కుటుంబములపైనను, సంఘములపైనను ఆధారపడి యున్నది. నవంబరు 2వ తేదీ సమాధుల పండుగకు తెలుగు క్రైస్తవులు తమ పెద్దల సమాధులను శుభ్రపరచి, సున్నము కొట్టి, పూలు పరచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు. షబే బరాత్‌నాడు ముస్లిములు కబరుస్తానులకు పోయి గోరీలను బాగుచేసి ప్రార్థింతురు. ఈ ఆచారములలో ఒక గొప్ప సూత్రము ఇమిడి యున్నది: ఏటేట కొంచెము చేయుటకంటె మేలైన పరిరక్షణ లేదు.

ఏటేట కొట్టు సున్నపు పూత ఇటుక గోరీకి కవచమువంటి మేలే చేయును; తడిని పోనిచ్చుచు, తాను రాలి, క్రింది పూతను గాచును. చెక్కిన అక్షరములపై మాత్రము దానిని పూయరాదు. పదియేండ్ల పూతలు చేరినచో అక్షరములు పూడిపోవును. ఇటీవల సున్నమునకు బదులు ప్లాస్టికు రంగులును, అక్షరములలో ఎనామిలు రంగును, గోరీ చుట్టు మెరయు టైల్సును వ్యాపించినవి. ఇవి తడిని లోపల బంధించి, సిమెంటు చేయు కీడునే వేరొక రూపమున చేయును. పాచిని పోగొట్టుటకు ఇనుప బ్రష్షును, ఆమ్లమును, బ్లీచింగు పొడిని వాడుటయు కలదు. రాయి తెల్లబడుట నిజమే, కాని ఆ తెల్లదనము రాతి చర్మము ఊడిపోవుటవలన కలిగినది. మంచినీరు, మెత్తని కుంచె, ఓర్పు, ఈ మూడును చాలును. మూడవది దుర్లభము గనుకనే తక్కిన సాధనములు అంగడిలో అమ్ముడుపోవుచున్నవి.

డోర్కింగునకు మన బాకీ

పరదేశీయుల గోరీలు మన నేలపై ఉన్నట్లే, మనము ఋణపడియున్న పరదేశపు గోరీలును కలవు. నిఘంటువు కూర్చి, తాళపత్రములనుండి మన కావ్యములను ఉద్ధరించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1884 డిసెంబరు 12న లండనులో మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానమున ఖననమయ్యెను. 1847లో ధవళేశ్వరమున ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించిన సర్ ఆర్థర్ కాటన్ 1899 జూలై 24న మరణించి సర్రే మండలములోని డోర్కింగులో విశ్రమించి యున్నాడు. సిమెంటు మన దేశమున వాడుకలోనికి రాకముందు, రాతితోను సున్నపు గచ్చుతోను గోదావరి ప్రవాహమున కడ్డముగా కట్టి నిలిపిన ఆ మహాశిల్పి గోరీకి సిమెంటు పూయుటకంటె అసంబద్ధమైన పని వేరొకటి యుండదు. లండను వెళ్ళు తెలుగువారు అచ్చటికి పోయి పూలు సమర్పించుట యోగ్యమే. మరమ్మతు చేయ నుత్సహించువారు అచ్చటి శ్మశానాధికారుల యనుమతియు, సున్నమెరిగిన పనివాని సాయమును పొందుట అంతకంటె యోగ్యము.

అటునుండి ఇటువైపు చూచువారును కలరు. దక్షిణాసియాలోని యూరోపియను శ్మశానముల కొరకు 1976లో బ్రిటనునందు ఏర్పడిన సంఘము, చిన్నచిన్న నిధులతో స్థానికులకు తోడ్పడుచు, శాసనములను నమోదు చేయుచున్నది. గోరీలోని వాని జాతిని, మతమును విచారింపక శిల క్షేమమును విచారించు ఈ పరస్పరత మెచ్చదగినది. కంపెనీలవారు మన నేలపై చేసిన పనులను చరిత్ర విమర్శించుగాక. ఆ విమర్శకు కావలసిన సాక్ష్యములు కూడ ఈ రాళ్ళపైననే యున్నవి. తేదీయు, పేరును, ఊరును చెరిగిపోయిన పిదప నిందకును స్తుతికిని ఆధారముండదు.

సున్నపు గచ్చు కొన్ని దశాబ్దములకు ఒకమారు మరల పెట్టవలసి యుండును. దీనిని లోపముగా నెంచువారు, మరమ్మతు అనగా ఒక్కసారి చేసి మరచిపోదగిన పని యని భావించుచున్నారు. మరల చేయుటకు వీలుగా చేసిన పనియే మంచి మరమ్మతు. తరువాతి తరపు మేస్త్రీ ఉలితో సులువుగా తీసివేయగలిగిన గచ్చునే నేటి మేస్త్రీ పెట్టవలెను. ఇందుకు కావలసినది గొప్ప ధనము గాదు. పురపాలక సంఘములును, చర్చి సంఘములును, వక్ఫు నిర్వాహకులును తమ మరమ్మతు అంచనాపత్రములలో సిమెంటను పదమున్న చోట సున్నమని వ్రాయించి, గానుగ త్రిప్పుటకును, పది దినములు గోనెపట్టాలు తడుపుటకును కూలి కేటాయించి, పని చేయుచున్న ప్రతి చోట ఇద్దరు యువకులను మేస్త్రీ ప్రక్కన నిలిపినచో చాలును. గచ్చు నశించినను దానిని మరల పెట్టు చేతులు ఉండవలెను. ఆ చేతులను తయారుచేయు ఖర్చు ఏ అంచనాపత్రమునందును ఇంకను చేరలేదు, మొదట చేర్పవలసినది అదియే.